ఆటవిడుపు

మా యింటి కెదురుగా ఒక చిన్న ప్రాథమిక పాఠశాల కలదు. దానికిని మా వసారాకును నడుమ ఇరువది అడుగుల వీధియు, ఒక వేపచెట్టు నీడయు మాత్రమే యడ్డము. కావున ప్రొద్దుటి ప్రార్థన మొదలుకొని సాయంకాలపు గంట వఱకు ఆ బడిలో జరుగునదంతయు, నేను కోరినను కోరకున్నను, నా చెవిని బడుచునే యుండును. ఎక్కములు వినుచు కాఫీ త్రాగుదును. సామాన్యశాస్త్రము వినుచు పత్రిక చదువుదును. మధ్యాహ్నము తెలుగు వాచకము వినుచు కునుకు తీయుదును. ఈ యేటి సంక్రాంతి సెలవులకు ముందటి దినమున మాత్రము ఎక్కములు వినబడలేదు. ఏమాయెనా యని లేచి చూతును గదా, గేటుకు ‘ముందస్తు సంక్రాంతి సంబరాలు’ అని పెద్ద యక్షరములతో ఒక ఫ్లెక్సీ కట్టియున్నది. ఆవరణలో రంగుముగ్గులు, ముగ్గుల నడుమ గొబ్బెమ్మలు, ఒక మూల నాలుగు చెఱకుగడలు నిలిపి కట్టిన పందిరి, మఱియొక మూల కట్టెలు పేర్చి, అగ్నికి బదులు ఎఱ్ఱకాగితపు నాలుకలంటించిన భోగిమంట. పట్టులంగాలు నలుగకుండ ఒదిగి యొదిగి నడచుచున్న బాలికలు, పంచె జాఱకుండ ఒక చేత పట్టుకొన్న బాలురు. ఇంతలో మైకు గొంతు సవరించుకొన్నది. ఇరువదియైదేండ్లు దాటని యొక ఉపాధ్యాయిని, ఉత్సాహమును అలసటయు సమపాళ్ళలో కలిసిన కంఠముతో ఇట్లనెను: “పిల్లలూ, అందరూ వినండి. ఇవాళ పాఠాల్లేవు. హాయిగా ఆడుకోండి. కానీ అల్లరి మాత్రం చేయకుండా ఆడుకోవాలి. తెలిసిందా?” ఆవరణలోని గొంతులన్నియు ఒక్కటై, ఎక్కము నప్పగించు రాగముననే, “తెలిసింది టీచర్” అనినవి.

ఆ వాక్యము నన్ను వదలలేదు. అల్లరి చేయకుండ ఆడుకొనుట యెట్లు? ఒడలు తడవకుండ ఈదుట వంటిది గదా! మొదట నవ్వితిని. నవ్వు ముగియకమునుపే సిగ్గు వచ్చినది. ఏలయనగా, ముప్పదియొక్క సంవత్సరముల యుపాధ్యాయవృత్తిలో ఆ వాక్యమును నేనెన్నిమారులు పలికియుంటినో లెక్కలేదు. పలికిన ప్రతిమారును అది నాకు మిక్కిలి సబబైన మాటగనే తోచినది. నలువదిమంది పిల్లలు, ఒక గది, ప్రక్కగదిలో పరీక్ష, వరండాలో ప్రధానోపాధ్యాయుల చెప్పుల చప్పుడు. ఈ నాలుగింటి నడుమ నిలిచినవానికి అంతకంటె మంచిమాట దొరకునా? అయినను, చెప్పిన మాట యొకటి, విన్న మాట యొకటి. ముప్పదియొక్క యేండ్లు చెప్పితిని. వీధి కీవలినుండి వినుట మాత్రము ఇదే ప్రథమము. చెప్పునపుడు ఆజ్ఞవలె నున్నది, వినునపుడు పొడుపుకథవలె నున్నది.

గేటుకు చేరువగా హరిదాసు వేషము వేసిన బాలుడొకడు నిలిచియుండెను. ఆఱేడేండ్లవాడు. నుదుట నామము, మెడలో బంతిపూల దండ, చేత చిడతలు, తలపై అక్షయపాత్ర. ఆ పాత్ర, తిన్నగా చూచినచో, ఎవరి యింటిదో స్టీలు గిన్నె. దానికి బంగారువన్నె కాగితము చుట్టి, అంచుకు చామంతులు గ్రుచ్చినారు. నిజమైన హరిదాసు తెల్లవాఱుజామున బయలుదేఱి, తిరిగి యిల్లు చేరువఱకు ఆ పాత్రను నేలపై దింపడని మావైపు వాడుక. ఆ మర్యాద నీ బాలునికెవరు బోధించిరో కాని, వాడు మెడ బిగించి, శిల్పమువలె నిలిచి, కనుగ్రుడ్లను మాత్రము వీధివైపు త్రిప్పి చూచుచుండెను. వీధిలో నలుగురు పిల్లలు తెగిన గాలిపటము వెంట పరుగెత్తుచుండిరి. బడి లేని పిల్లలో, బడి యెగవేసిన పిల్లలో నేనెఱుగను. వారికి ఫ్లెక్సీ లేదు, మైకు లేదు, ఆడుకొండని చెప్పినవారు లేరు. పండుగ గేటుకు లోపల నున్నదా, వెలుపల నున్నదా యను సందేహము నాకు కలిగినది. గిన్నె క్రింది యా రెండు కన్నులకును అదే సందేహము కలిగినట్లు తోచినది.

పిల్లలకు బడినుండి తీఱిక దొరకుటకు మన భాషలో ‘ఆటవిడుపు’ అను చక్కని మాట యున్నది. ఆ మాటను నోట నానించుకొనుచు నేనాపూట చాలసేపు గడిపితిని. విడుపు అనగా కట్టినదానిని విప్పుట. పలుపు విప్పిన దూడ ఒకచోట నిలువదు. తల్లివద్దకు పోయినను తిన్నగా పోదు, నాలుగు గంతులు వేసి పోవును. గ్రహణమునకు పట్టు కలదు, విడుపు కలదు. మనుష్యులకును పట్టువిడుపులుండవలెనని పెద్దలందురు. బడి పట్టు అయినచో, ఆట విడుపు. ‘సెలవు’ అను మాట యింకను విచిత్రమైనది. వెళ్ళిపోవుటకు అనుమతియు సెలవే, పెద్దల యాజ్ఞయు సెలవే. గురువుగారు పలికినచో ‘సెలవిచ్చిరి’ అందుము, గురువుగారి కడనుండి పాఱిపోవుటకును ‘సెలవు’ అందుము. ఒకే మాటలో కట్టును విప్పును ఇట్లు ముడివేసినవారు ఉపాధ్యాయులై యుందురా, విద్యార్థులై యుందురా? పూర్వపు వీధిబడులలో పున్నమికి, అమావాస్యకు, వాని మఱునాటి పాడ్యమికి చదువు లేదు. ఆ నియమమెంత పాతదనగా, సుందరకాండలో హనుమంతుడు సీత కృశించిన తీరును తోడి వానరులకు వివరించుచు, పాడ్యమినాడు కూడ చదువువాని విద్యవలె ఆమె సన్నగిల్లినదని చెప్పును. ఎడతెగని చదువు విద్యను పెంచదు, చిక్కిపోవునట్లు చేయును. ఇది ఆదికవి చెప్పిన మాట. బడి యెగవేయు బాలుడు చెప్పినది కాదు. అయినచో, విడుపు బడి వెలుపల నుండవలసినదేనా? దానిని తరగతిలోనికి తెచ్చినప్పుడు పట్టు సడలునా, లేక విడుపునకే పలుపు పడునా?

ఈ ప్రశ్నను వెంటబెట్టుకొని జ్ఞాపకములలోనికి పోగా, మా యూరి పంతులుగారు ఎదురుపడినారు. 1958 ప్రాంతము. ఆయన నవ్వుట మేమెన్నడును చూచియుండలేదు. ఆయన పండ్లు ఎట్లుండునో మాకు తెలియదు. బెత్తము ఎట్లుండునో మాత్రము చక్కగ తెలియును. అట్టి పంతులుగారు దసరా నవరాత్రులు వచ్చునప్పటికి మఱియొక మనుష్యుడగుచుండిరి. పదిదినముల ముందుగనే వాచకములు అటకెక్కెడివి. వెదురుబద్దలు వంచి విల్లులు చేయుట, వానికి రంగుకాగితములు చుట్టుట, సన్నని గొట్టములలో పూవుల రేకులును బుక్కాయు నింపుట, దసరా పద్యములు వల్లించుట, ఇదియే బడి. తరువాత ఊరిమీద పడెడివారము. మేము ముందు, పంతులుగారు వెనుక. ప్రతి గడపలోను నిలిచి పద్యములు పాడి, ఇంటి యజమాని పంచెమీద బుక్కా చల్లి, గృహిణి తెచ్చిన పప్పుబెల్లములకు జేబులు పట్టి, పంతులుగారి పళ్ళెములో రూపాయియో అర్ధయో పడువఱకు కదలకుండెడివారము. వేయించిన శనగపప్పును బెల్లపుముక్కయు ఒక్కమారే నోట వేసికొన్నచో కలుగు రుచికి పేరేమో నేటికిని నేనెఱుగను. పెద్దవారిమీద రంగు చల్లి తిట్లు తినకుండ మిఠాయి తినుట ఏడాది కొక్కమారే సంభవము. ఆ యొక్కమారును మావెనుక నిలిచి మమ్ము పురికొల్పినది, మిగిలిన దినములన్నియు మమ్ము నోరు మూసికొని కూర్చుండుమనిన యాయనయే. మేము నడచిన దుమ్ములోనే ఆయన పాదములును నడచినవి. పంతులుగారికి పాదములున్నవని అంతవఱకు నాకు తోచలేదు. బల్ల క్రింద ఎవరు చూచిరి?

ఒక సాయంకాలము మాత్రము నాకు స్పష్టముగ జ్ఞప్తియున్నది. ఊరంతయు తిరిగి, రామాలయపు మెట్లమీద కూర్చుండి, ఆయన పళ్ళెమును మా నడుమ బోర్లించి, “లెక్కపెట్టండిరా” అనిరి. నయాపైసలు వచ్చి అప్పటికి ఏడాది దాటినది కాని, ఊరిలో అణాలును బేడలును ఇంకను మారుచునే యుండెను. ఆ కుప్పలో రెండు ప్రభుత్వముల నాణెములు కలిసియున్నవి. అణాకు ఆఱు పైసలు, రెండణాలకు పన్నెండు. అంతవఱకు బాగుగనే యున్నది. మూడణాలకు పదునెనిమిది యని నేననగా, పంతులుగారు తల యడ్డముగ నూపి, “పందొమ్మిది” అనిరి. నాలుగణాలకు ఇరువదియైదు. ఇదెక్కడి యెక్కము? మూడవ అణాలో ఆ హెచ్చు పైస యెక్కడినుండి వచ్చినది? వాదము లేచినది. ఒకడు తపాలాకచేరిలో తప్పు వ్రాసినారనెను. ఒకడు అది దేవుని వాటా యనెను. చివఱకు, బడిలో ఎన్నడును నోరు విప్పని యొక కుమ్మరుల బాలుడు, మెట్టుమీద బొగ్గుముక్కతో నాలుగు గీతలు గీసి, “అణాకి ఆరూ పావు కదండీ. ఆ పావుల్ని మొదట ఇవ్వకుండా దాచారు. మూడు పావులయ్యేసరికి సిగ్గేసి పైసా చేసి ఇచ్చేశారు” అనెను. పంతులుగారు నవ్విరి. పై వరుసలో ఒక పన్ను లేదని మాకు అప్పుడు తెలిసినది. భిన్నములు నాకు అబ్బినది ఆ మెట్లమీదనే. ఆ తరువాత చదివిన భిన్నములన్నియు ఆ మూడు పావుల సిగ్గుకు వ్యాఖ్యానములు మాత్రమే.

ఇంతవఱకు చెప్పి ఆగినచో ఈ కథ మధురముగ నుండును. కాని నిజము కాదు. పెద్దవాడనైన తరువాత, ఆ పళ్ళెమును మఱియొక కంటితో చూడవలసి వచ్చినది. ఆ దసరా పద్యములలో గురువునకు బంగారు వరహాలును శిష్యులకు తినుబండారములును అడుగుట యున్నది గదా. పూర్వము వరహా యనగా మూడున్నర రూపాయలు. మాకు అది పాట. ఆయనకు అది జాబితా. ఆ మెట్లమీద మేము నవ్వుచు లెక్కపెట్టినది మా గురువుగారి బ్రదుకుతెరువును. ఒక మోతుబరి గడపలో జరిగిన దానిని నేనప్పుడు విన్నాను గాని వినలేదు: “నిరుడు పాడించిన పద్యాలేగా పంతులూ, మళ్ళీ డబ్బులెందుకు?” ‘గారు’ లేని ఆ ‘పంతులూ’ కు జవాబుగా ఆయన చిఱునవ్వు నవ్వి, మాకు సైగచేసి, ఇంకొక పద్యము పాడించిరి. అది పండుగయా, యాచనయా? ఆటను మాకిచ్చి అవమానమును తన వంతుగ నుంచుకొన్న యా మనుష్యుని ఉదారుడనవలెనా, దీనుడనవలెనా? ఎన్నియో రాత్రులు ఈ సందేహము నన్ను పట్టి పీడించినది. ఒక్కటి మాత్రము నిశ్చయము: ఏ యాటయు ఊరక రాదు, దాని వెల నెవరో ఒకరు చెల్లించుచునే యుందురు. మా పంతులుగారు మానముతో చెల్లించిరి. మా యెదుటి బడిలోని యువతి తన చేతి డబ్బుతో రంగుకాగితములు కొని చెల్లించుచున్నది. వానిని రాత్రి పదిగంటలవఱకు కత్తిరించి చెల్లించుచున్నది. సంబరములు జరిగినవనుటకు సాక్ష్యముగా పదకొండు గంటలలోపల ఫోటోలు తీసి సెల్‌ఫోనులో పైవారికి పంపి చెల్లించుచున్నది. ఆయనకు వరహాల లెక్క, ఈమెకు ఫోటోల లెక్క. మఱి ఆయన చెంత మేము మఱచిన ఆ వెలను ఈమె చెంత వీరు ఏల మఱువలేకున్నారు?

నేనును ఒకమారు పండుగను తరగతిలోనికి తెచ్చితిని. ఆ ఘనకార్యమును గూర్చి చెప్పక తప్పదు. ఎనిమిదవ తరగతికి గణితము చెప్పు దినములలో, సంక్రాంతికి రెండుదినములు ముందుగా, సన్నకాగితము, చీపురుపుల్లలు, మైదాపిండి జిగురు పట్టుకొని తరగతిలో అడుగుపెట్టితిని. పిల్లలు కేకలు వేసిరి. ఆ కేకలు నాకెంతో యిష్టమైనవి. అయినను వెంటనే బల్ల చఱచితిని. కాగితమును సమచతుర్భుజముగ కత్తిరింపజేసి, “కర్ణములెన్ని?” అంటిని. నిలువు కర్ణము యాబది సెంటీమీటర్లు, అడ్డకర్ణము నలువది. రెంటి లబ్ధములో సగము వేయి చదరపు సెంటీమీటర్లు. వైశాల్యము వచ్చినది, సూత్రము వచ్చినది, నల్లబల్ల నిండినది, నా హృదయమును నిండినది. అప్పుడు వెనుకబల్లనుండి యొకడు లేచి, “మాస్టారూ, ఇది ఎగురుతుందాండీ?” అనెను. గణితములో వానికి మార్కులు రెండంకెలకు రావు. ఎగురునా? ఆ సంగతి నేనాలోచింపలేదు. నాకు కావలసినది వైశాల్యము. ఎగురుట పాఠ్యప్రణాళికలో లేదు. “ఎందుకెగరదురా?” అని గంభీరముగ అంటిని గాని, మైదానమునకు తీసికొనిపోగా అది రెండుమారులు గిరగిర తిరిగి ముక్కుమీద పడినది.

వాడు నా చేతిలోని గాలిపటమును తీసికొన్నాడు. అనుమతి యడుగలేదు. దారమును రెండుచోట్ల కట్టి, రెండు కొసలను చేర్చి, పైపాయకంటె క్రిందిపాయను కొంచెము పొడవుగ విడిచి, వ్రేలిపై వ్రేలాడదీసి వాలు చూచి, ముడి వేసెను. “పైన బిగువుండాలండీ, కింద వదులుండాలి. లేకపోతే గాలిని పట్టుకోదు” అనెను. దారమునకు సంస్కృతములో సూత్రమనియే పేరు. నాకు వచ్చిన సూత్రము వేఱు, గాలిపటమునకు కావలసిన సూత్రము వేఱు. తరువాత నలువదిమందియు నన్ను విడిచి వానిచుట్టు మూగిరి. నేను కూడ మూగితిని. ఒక అరగంట ఆ మైదానములో గురువెవరో శిష్యుడెవరో చెప్పుట కష్టము. దారపుచుట్ట నా చేతికిచ్చి, “వదలండి మాస్టారూ, వదలండి, అలా పట్టేస్తే ఎలాగండీ” యని వాడు నన్ను గద్దించినాడు. గంట కొట్టినది. ఎవరును వినలేదు. విన్న మొదటివాడను నేనే. ఆ పిమ్మట ఒక్కసారిగ నేను మాస్టారునైతిని, వాడు వెనుకబల్లవాడయ్యెను. ఆ యేడు కూడ వానికి మంచి మార్కులు రాలేదు. వచ్చినవని వ్రాసినచో ఈ వ్యాసము నీతికథగ ముగిసియుండును.

గిజుభాయి బధేకా గుజరాతీలో వ్రాసిన ‘దివాస్వప్న’ మను చిన్న పుస్తకమును నేను పదవీవిరమణకు తరువాత చదివితిని, ముందే చదివియుండవలసినది. న్యాయవాదవృత్తిని విడిచి భావనగరములో 1920లో బాలమందిరమును స్థాపించిన యాయన, ఆ పుస్తకములో ఒక కల్పిత యుపాధ్యాయుని నాలుగవ తరగతిలో ప్రవేశపెట్టును. అతడు మొదటిదినమున మౌనముగ నుండు ఆట యొకటి ఆడింప దలచి, ఎంతో ముచ్చటగ సిద్ధపడి వచ్చును. పిల్లలు పిల్లికూతలు కూసి, తలుపులు కొట్టి, ఆ మౌనమును ముక్కలు చేయుదురు. ఏమియు తోచక, ఇక నేటికి ఇంటికి పొండని వారిని విడిచిపెట్టును; వారు గంతులు వేయుచు పోవుదురు; ప్రధానోపాధ్యాయుడు కోపించును. చదువుచున్నప్పుడు నాకు నవ్వుతోపాటు ఊరటయు కలిగినది. ఆటలతో చదువు చెప్పవచ్చునని మనకు నేర్పిన పుస్తకమే ఆట తప్పిపోవుటతో ఆరంభమగుచున్నది! ఆ గురువు మఱునాడు కథలతో వచ్చి పిల్లలను గెలుచును. మొదటినాటి యోటమియే ఆ గెలుపునకు పునాదియని నా నమ్మకము. తాను సిద్ధపఱచుకొన్న యాట పిల్లలది కాదనియు, తనదియే యనియు అతనికి అప్పుడు తెలిసినది.

శాంతినికేతనములో రవీంద్రులు 1901లో బడి పెట్టిరి; 1908లో ‘శారదోత్సవ’ మను నాటకమును వ్రాసిరి. అందులో శరత్కాలపు సెలవునాడు పిల్లలందఱు ఆడుకొనుచుండగా, ఉపనందుడను బాలుడొక్కడు చనిపోయిన తన గురువుగారి ఋణము తీర్చుటకై చెట్టుక్రింద కూర్చుండి తాళపత్రములకు ప్రతులు వ్రాయుచుండును. సన్న్యాసి వేషములో వచ్చిన రాజు వానిని చూచి, ఇదియే నేటి మహోత్సవమని మురిసి, తానును ప్రక్కన కూర్చుండి వ్రాయుటకు పూనుకొనును. అది చూచి తక్కిన పిల్లలు మాకును వ్రాత కావలెనని మూగుదురు. పనిలోనికి ఆటను దించవలెనని మనము తంటాలు పడుచుండగా, ఆయన ఆటలోనికి పనిని దించెను. దానికి కావలసినది రంగుకాగితము కాదు, కిరీటమును దాచుకొన్న రాజు. మన భాగవతములో కూడ చూడుడు: ప్రహ్లాదుడు దైత్యబాలురకు తత్త్వము బోధించినది చండామార్కులు పాఠము చెప్పునప్పుడు కాదు, గురువులు ఇంటిపనులమీద వెళ్ళినపుడు, పిల్లలు ఆటకు పిలిచినపుడు. ఆ బడిలో వేయేండ్లు నిలిచిన పాఠము ఆటవిడుపులోనే జరిగినది. పాపము చండామార్కులకు ఆ వార్త చాల యాలస్యముగ తెలిసినది.

అయినను, ఇది వ్రాయుచున్న నాలోని పాతయుపాధ్యాయుడు ఊరకుండుట లేదు. ‘నీవు వసారాలో కూర్చుండి విడుపును గూర్చి సెలవిచ్చుచున్నావు, నలువదిమందిని విడిచినచో మరల పట్టుట ఎవరితరము? ఒకడు మోకాలు చీఱుకొన్నచో తల్లిదండ్రులకు జవాబు ఎవరు చెప్పుదురు?’ అని గద్దించుచున్నాడు. వాని మాట తీసివేయదగినది కాదు. పిల్లల భారము తగ్గింపుడని 1993లో యశ్‌పాల్ సంఘము చెప్పినది. ఆఱు మొదలు ఎనిమిదవ తరగతివఱకు గల పిల్లలకు పుస్తకసంచి లేని దినములు పది యుండవలెనని 2020 జాతీయ విద్యావిధానము చెప్పినది. మంచిదే, సంచి దించుట సులభము. హరిదాసు బాలునికి ఆ దినమున సంచి లేదు. అయినను వాని తలమీద గిన్నె యున్నది. బరువును వీపునుండి తలకు మార్చి, ఆనందింపుమని చెప్పుట విడుపు కాదు గదా! ఆ గిన్నెను వాని తలపై పెట్టినది ఆ యువతి యొక్కతెయే కాదు. ఆమె తలమీదను ఒక గిన్నె యున్నది. అది కనబడదు; అంతే భేదము.

ఆ దినము కథలో నేనింతవఱకు చెప్పక దాచిన భాగము కొంచెము కలదు. పదిన్నర ప్రాంతమున, వీధిలోని గాలిపటము వేపకొమ్మకు చిక్కుకొన్నది. అది చూచుటకు హరిదాసు తల పైకెత్తెను. పైకెత్తిన తలమీద గిన్నె నిలుచునా? జాఱినది. స్టీలు గిన్నె సిమెంటు నేలమీద పడినచో కలుగు ధ్వని మీ రెఱుగుదురు. మైకులోని పాట కూడ ఒక్కక్షణము తగ్గినట్లనిపించినది. చామంతులు చెల్లాచెదరైనవి. గిన్నె అంచుమీద నిలిచి, దొర్లుచు, ముగ్గులను దాటి, గొబ్బెమ్మను ఒరసికొని, కాగితపు భోగిమంటవైపు సాగినది. బాలుడు ఏడుపునకు పెదవి విఱిచెను. ఆ యువతి “అయ్యో, ముగ్గు!” అని కేకవేసి, కొంగు నడుమునకు దోపి, దానివెంట పరుగెత్తినది. వంగి పట్టుకొనబోయినది, కాలు తగిలి గిన్నె మఱింత వేగముగ దొర్లినది. అంతట ఆవరణమంతయు గొల్లుమన్నది. ఆమె ఆగి, పిల్లలవైపు చూచినది. ఇప్పుడు బల్ల చఱచునని నేననుకొంటిని. ఆమె స్థానములో నేనున్నచో చఱచియుందును. ఆమె చఱవలేదు. పక్కుమని నవ్వి, “పట్టుకోండ్రా!” అనినది. ఆ ఒక్కమాటతో పట్టులంగాలు, పంచెలు, నామములు, దండలు అన్నియు ఒక్కటై ఆ గిన్నెమీద పడినవి. ఎవరో తన్నిరి, ఎవరో ఆపిరి, హరిదాసు చిడతలు పాఱవైచి అందఱికంటె ముందు పరుగెత్తెను. ముగ్గు ఏమైనదో అడుగకుడు. ఐదునిమిషములో పది నిమిషములో, ఆ బడిలో అల్లరితో కూడిన ఆట జరిగినది.

అప్పుడు నాకు అర్థమైనది. ఇంత వయస్సు వచ్చి అర్థమైనదని చెప్పుకొనుటకు సిగ్గుగనే యున్నది. మా పంతులుగారు మెట్లమీద నవ్వినప్పుడును, నా చేతిలోని దారపుచుట్టను వదలుమని వెనుకబల్లవాడు గద్దించినప్పుడును, ఈ యువతి గిన్నెవెంట పరుగెత్తినప్పుడును జరిగినది ఒక్కటే: గురువునకు విడుపు దొరకినది. విడుపు పిల్లలకిచ్చునది కాదు. అది వారికెప్పుడును కలదు, మనము కట్టివేయకున్నచో చాలును. పలుపు బిగిసియున్నది గురువు మెడకే. ఆ ముడి సడలిన నిమిషమున ఎక్కము కూడ ఆట యగును, సడలనిచో భోగిమంట కూడ పాఠమగును. పైన బిగువుండవలెను, క్రింద వదులుండవలెను. వెనుకబల్లవాని మాట యిది. ఏ గురువైనను రేపు తరగతిలోనికి పండుగను తీసికొనిపోదలచినచో, రంగుకాగితము కొనుటకు ముందు ఆ ముడిని ఒక్కమారు చూచుకొందురు గాక.

గిన్నె దొరకిన పిమ్మట ఆమె చామంతులేఱి మరల గ్రుచ్చినది, ముగ్గు దిద్దినది, పిల్లలను వరుసలో నిలిపినది, గడియారము చూచి ఫోటో తీయించినది. రెండుదినములకు ఆ ఫోటో మా పత్రిక జిల్లా పుటలో వచ్చినది. కాఫీ త్రాగుచు చూచితిని. అందఱును ఒద్దికగ నిలిచియున్నారు. గిన్నె హరిదాసు తలమీదనే యున్నది. ఆమె కొంగు మాత్రము నడుమునకు దోపియే యున్నది.